వంగిన ఊచల తలుపు

అక్కకు,

నీ పిడుగు చెల్లెలు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. నమ్మాలో లేదో చివరిదాకా చదివి నువ్వే చూసుకో. నువ్వూ నీ మోకాలి నొప్పీ ఎలా ఉన్నారు? నిలబడి చేసే షిఫ్టులు తగ్గించమని మీ సూపర్‌వైజరును అడిగావా, లేక ఎప్పటిలాగే గుమ్మందాకా వెళ్లి నోరు మూసుకుని వచ్చేశావా?

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని తిట్టుకోకు. ఫోను తీయగానే నాన్న వచ్చి పక్కన కూర్చుంటాడు. ఆయన ముందు ఆయన గురించి మాట్లాడటం నాకు చేతకావడం లేదు.

ఎదురింటి టైలరు బాబాయి నీకు అప్పుడే మోసేసినట్టున్నాడు. "ఇనుప తలుపు చేస్తున్నావట, మనింట్లో దొంగలు ఎత్తుకుపోయేంత సొమ్ము ఏముందే?" అని రాశావు. దొంగల కోసం కాదక్కా, నాన్న కోసం.

ఆయనకు మతిమరుపు అని నీకు తెలుసు. ఎంత ముదిరిందో నేను చెప్పలేదు. రెండుసార్లు ఇల్లు దాటి వెళ్లిపోయాడు. మొదటిసారి తను పనిచేసిన పాత వెల్డింగు షెడ్డుకు వెళ్లాడు. అదిప్పుడు బట్టల కొట్టు. "నా మెషిన్ ఎక్కడ దాచార్రా" అని అక్కడివాళ్ల మీద కలబడ్డాడట. రెండోసారి పెద్దరోడ్డు మీద లారీల మధ్య నిలబడిపోతే, టైలరు బాబాయే చూసి చెయ్యి పట్టుకుని తెచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. ఒంటరిగా బయటికి వదలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెక్క తలుపుకు తాళం వేసి చూశాను. మూసిన గదిలో భయపడిపోయి, అరచేతులు కమిలేదాకా తలుపు బాదాడు. అందుకే ఊచల తలుపు అనుకున్నాను. గాలి వస్తుంది, వీధి కనబడుతుంది, మనిషి మాత్రం దాటలేడు. పొద్దస్తమానం ఆయన పక్కనే కూర్చుంటే పెరటి షెడ్డులో వెల్డింగు పని ఎవరు చేస్తారు? ఇద్దరం గాలి భోంచేయాలి.

"నా దగ్గరికి పంపించెయ్" అన్నావు. నీ ఒంటిగదిలో, నువ్వు పనికి పోయాక ఆయన్ని ఎవరు చూస్తారే? అక్కడా నువ్వు తలుపు వేసుకునే కదా పోవాలి.

ఇక నా ఘనకార్యం విను. నాన్న మధ్యాహ్నం కాసేపు పడుకుంటాడు. ఆయన లేచేలోగా తలుపు పూర్తి చేసి, గుమ్మానికి బిగించేసి, అది ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు మొహం పెట్టాలని నా పథకం. మనకు ఆయన నూరిపోసింది ఏమిటి? ఒకచోట కాస్త అతుకు, ఆగు, రెండో కొసకు పో, మళ్లీ ఇటు రా, వేడిని ఒక్కచోట పోగుపడనివ్వకు. అదంతా గాలికొదిలేశాను. తలుపు తిరిగే బందుల వైపు నిలువు పట్టీకి అడ్డ ఊచలన్నీ పైనుంచి కిందదాకా ఆపకుండా అతికేశాను. చల్లారేకొద్దీ అతుకులు బిగుసుకుని పట్టీని తమవైపు లాక్కున్నాయి. గుమ్మానికి ఆనించి చూస్తే నడిమధ్య తగులుతోంది, పైనా కిందా బొటనవేలు దూరేంత సందు. ఇక బందులు ఎక్కడ కూర్చుంటాయి? రెండోవైపు ఇంకా అతకకపోవడం ఒక్కటే నా అదృష్టం. ఒళ్లు మండి పెద్ద సుత్తి తీసుకుని బాదాను. కొట్టినచోట సొట్ట పడింది, వంపు మాత్రం అలాగే ఉంది. ఆ చప్పుడుకు నాన్న లేచి వచ్చాడు.

కాసేపు షెడ్డు గుమ్మంలోనే నిలబడి చూశాడు.

"ఎవరిదే ఈ తలుపు?"

"ఒకాయన చేయమన్నాడు నాన్నా. వాళ్ల కుక్క ఊరికే వీధిలోకి పారిపోతోందట."

"ముసలిదా?"

"ఆ... ముసలిదే."

"పాపం," అన్నాడు.

ఇది నీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే నేను బతకలేను. కన్నతండ్రిని కుక్కను చేశానక్కా. ఆయన పాపం అని జాలిపడుతుంటే తలొంచుకుని నిలబడ్డాను.

ఆయన సుత్తి లాక్కుని అవతల పడేశాడు. ఒక కన్ను మూసి పట్టీ పొడవునా చూశాడు. సుద్దముక్క అడిగి తీసుకుని, అతుకులకు వెనకవైపు, ఉబ్బిన చోట గుర్తులు పెట్టాడు. పొద్దున్న నా పేరు కోసం తడుముకున్న మనిషి, ఆ సుద్దముక్క పట్టుకుని ఒక్కసారి కూడా తడబడలేదు.

"గ్యాసు మంట పెట్టు. గుర్తు పెట్టినచోటే. ఎర్రబడగానే తీసెయ్."

పెట్టాను. వంపు తగ్గకపోగా ఇంకా పెరిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. నీళ్ల చెంబు అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కాలేటప్పుడు అటే పోతుంది. చల్లారేటప్పుడు వెనక్కి లాక్కుంటుంది. దాన్ని దాని మానాన వదిలెయ్."

ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పని ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు.

"నీ దగ్గరే నాన్నా."

"నేనిలా నేర్పలేదే. ఎందుకింత తొందరపడ్డావు?"

ఏం చెప్పను? నువ్వు లేస్తావని భయపడ్డానని చెప్పనా? లేచి వెళ్లి పట్టీ చూశాను. నిజంగానే వెనక్కి వస్తోంది. మిగతా గుర్తుల దగ్గరా అలాగే కాల్చి, ఆరనిచ్చి, మళ్లీ చూసి, మళ్లీ కాల్చాం. సాయంత్రానికి పట్టీ తిన్నగా నిలబడింది. రెండోవైపు అతికేటప్పుడు ఆయన పక్కనే నిలబడి "ఆగు, ఇప్పుడు ఆ కొసకు పో" అంటూనే ఉన్నాడు. చిన్నప్పటిలాగే విసుక్కున్నాను, అన్నీ మరిచిపోయి హాయిగా.

చివరికి గడియ, బయటివైపు అతికాను. నాన్న లోపలివైపు నిలబడి, ఊచల సందులోంచి చెయ్యి దూర్చి లాగాడు. గడియ సులువుగా తెరుచుకుంది.

"ఇక్కడొక రేకు ముక్క అతుకు. చెయ్యి అందకుండా."

"కుక్కకు రేకెందుకు నాన్నా?"

"కుక్కకు అక్కర్లేదు," అన్నాడు. "నాకు చేతులున్నాయిగా."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన తల నిమరలేదు, ఓదార్చనూ లేదు. వెల్డింగు నల్ల అద్దం తీసి నా చేతికిచ్చి, "కళ్లు తుడుచుకో, చూపు ఆనకపోతే అతుకు పాడవుతుంది" అన్నాడు. రేకు ఆయనే పట్టుకున్నాడు. నేను అతికాను. ఇటు కాస్త, ఆగి, అటు కాస్త.

తలుపు బిగించేశాం. అమ్మ ఉంటే చూసి ఏమనేదో గానీ, వేస్తే చప్పుడు కూడా రాదు, అంత సమంగా పడుతోంది. ఇవాళ పొద్దున్న మొదటిసారి గడియ వేసి షెడ్డుకు వెళ్లబోతే, "నన్ను లోపల పెట్టింది ఎవరే? ఈ దిక్కుమాలిన తలుపు ఎవడు చేశాడు?" అని వీధంతా వినబడేలా అరిచాడు. తనే దగ్గరుండి చేయించిన సంగతి ఆయనకు గుర్తే లేదు. నేనే చేశాను నాన్నా అని చెప్పాను. ఒక్కదాన్నే చేశానని చెప్పాను.

ఎలాగైనా సెలవు పెట్టుకుని రా అక్కా. అరిచి అరిచి అలిసిపోయాక ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తూ, "పెద్దది ఇంకా రాలేదేం?" అని అడుగుతున్నాడు. ఆ మాట ఇంకా అడుగుతుండగానే రా.

ఇట్లు,
గడియ తీసి నాన్న పక్కన కూర్చోబోతున్న
నీ చెల్లెలు