మాస్క్ తీసిన ముఖం

ఫిబ్రవరి 6

ఇవాళ మాస్క్ తీశాను.

ఉక్కపోతకి తీశానని రాద్దామనుకున్నాను. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధమెందుకు? అది నా ముఖం చూడాలనిపించింది, తీశాను.

కొత్తగా వచ్చిన గిబ్బన్ పిల్ల, తోకలేని కోతి జాతి. తల్లిని కాల్చేసి, దీన్ని గోనెసంచిలో వేసి అమ్మబోతుంటే పట్టుకుని మా సెంటర్‌కి తెచ్చారు. ఆడపిల్ల. ఆ కొండ అడవిలో ఈ జాతివి ఇక ఒక బస్సుకి సరిపడా కూడా లేవట. అందుకే డాక్టరమ్మ ఆశంతా దీని మీదే.

గూట్లోకి వెళ్లేవాళ్లు బూడిదరంగు కోటు, ముఖమంతా కప్పే మాస్క్ వేసుకోవాలి. నోరు విప్పకూడదు, ముట్టుకోకూడదు. పాలసీసా తల్లికి బదులుగా పెట్టిన బొచ్చుదిండుకి కట్టేసి బయటికొచ్చేయాలి. మనిషి దగ్గర పాలు దొరుకుతాయని దానికి తెలియకూడదు. తెలిస్తే రేపు అడవిలో తుపాకీ పట్టుకున్నవాడి దగ్గరికి కూడా నడుచుకుంటూ వెళ్తుంది.

ఇవన్నీ కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది నేనే. పిల్ల దిండుని కరుచుకుని వణుకుతోంది. మాస్క్ తీసి వేలు అందించాను. పట్టుకుంది.

ఫిబ్రవరి 19

మళ్లీ. మెడ వెనక గోకితే కళ్లు మూసుకుంటోంది. ఇప్పుడు నేను లోపలికి వెళ్లగానే వెనక్కి తిరిగి మెడ వంచుతోంది. బుజ్జమ్మా అన్నాను. చాలా మెల్లగా అన్నాను. మెల్లగా అంటే తప్పు తగ్గుతుందా?

ఇంట్లో బావ అడిగాడు, మీ తోకలేని కోడలు ఎలా ఉందని. అక్క నవ్వింది. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 2

ఈ వేళ కూడా.

సెప్టెంబర్ 11, ఉదయం

ఇవాళ పరీక్ష. పాసైతే అడవి అంచున ఉన్న పెద్ద గూటికి పంపిస్తారు, ఒక మగదానితో జత చేసి. అక్కణ్ణించి అడవిలోకి. ఏడు నెలలుగా ఏ పొద్దుకాపొద్దు ఇక రేపట్నించి చెయ్యనని అనుకుంటూనే ఉన్నాను.

సెప్టెంబర్ 11, మధ్యాహ్నం

పరీక్ష పెద్దదేం కాదు. ముక్కూముఖం తెలియని మనిషి మాస్క్ లేకుండా గూటి వల ముందు నిలబడాలి. పిల్ల పై కొమ్మకి పారిపోయి అరవాలి. బయటి నుంచి ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. పాపం, భయపెట్టడానికి తనెందుకు పనికొస్తాడని ఆయన డౌటు.

పిల్ల కిందికి దిగి వచ్చింది. వలకి వీపు ఆనించి, మెడ వంచింది.

ఎలక్ట్రీషియన్ భలే ముద్దుగా ఉందన్నాడు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత, దీనికి ఇది ఎవరు అలవాటు చేశారని అడిగింది.

అందరూ వాగుడుకాయ వైపు చూశారు. నాతోపాటు డ్యూటీ చేసేది. పేరుకి తగ్గట్టే గోడతోనైనా కబుర్లు చెప్పగలదు.

నేను కూడా దాని వైపే చూశాను. ఇది రాయకుండా ఉండాల్సింది.

సెప్టెంబర్ 12

వాగుడుకాయని వంటగదికి మార్చారు. పళ్లు కోసే పని. నన్ను పక్కకి పిలిచి ఏడ్చింది. నా నోటికి అదుపు లేని మాట నిజమే, కానీ ఆ గూట్లో ఒక్కసారి కూడా తెరవలేదే, మా అమ్మ మీద ఒట్టు, నువ్వైనా నమ్ముతావా అంది. నమ్ముతానన్నాను. నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది.

సెప్టెంబర్ 20

మీటింగ్. పిల్లకి మనిషంటే భయం రాకపోతే జూ పార్కుకి ఇచ్చేస్తారట. బతికినన్నాళ్లూ వల వెనక, వచ్చేపోయేవాళ్లకి మెడ వంచుతూ. దారి ఒక్కటే ఉందట. దాన్ని మాలిమి చేసినవాళ్లే, అదే ముఖంతో, దాన్ని బెదరగొట్టాలి. వేరేవాళ్లు బెదిరిస్తే అది ఆ మనిషినే వెతుక్కుంటుందంది డాక్టరమ్మ. అని మమ్మల్నెవరినీ చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది. నా చెయ్యి నాకు తెలియకుండానే ఒళ్లో ఉన్న మాస్క్‌ని సరిచేస్తోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలు.

సాయంత్రం

చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. ఇందులో ఆలోచించాల్సిందేముంది? అయినా పొద్దుపోయేదాకా ఆలోచించాను. సిగ్గు లేదు నాకు.

సెప్టెంబర్ 21

చెప్పేశాను.

డాక్టరమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పేరు పెట్టి కూడా పిలిచావా అని మాత్రం అడిగింది. అవునన్నాను. రేపట్నించి ఆ ముఖంతోనే వెళ్లమంది. పిల్ల ఇక్కణ్ణించి వెళ్లిన రోజే నువ్వూ ఇంటికెళ్దువుగాని అంది.

వంటగదికి వెళ్లి వాగుడుకాయకి చెప్పాను. కత్తి ఆపలేదు. అరటిపళ్లన్నీ కోసింది, బొప్పాయి కోసింది. చివరికి, ఆ రోజు నన్ను ఓదార్చింది కూడా నువ్వే కదూ అంది. తిడుతుందేమోనని చాలాసేపు నిలబడ్డాను. అది తిట్టలేదు.

సెప్టెంబర్ 22

మాస్క్ లేదు. చేతిలో రేకు డబ్బా, కర్ర.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి మెడ వంచింది. డబ్బా మీద బలంగా కొట్టాను. ఉలిక్కిపడి చుట్టూ చూసింది. నేనెవరిని అదిలిస్తున్నానా అని తన వెనక ఏముందో చూసుకుంది. అక్కడేమీ లేదు. ఇంకా దగ్గరికి వచ్చి, వల్లోంచి నా కోటు పట్టుకుంది.

నేనుండగా భయం లేదనుకుంది.

సెప్టెంబర్ 25

నీళ్ల పైపు. తడిసి ముద్దయి కూడా వచ్చింది. బయటికొచ్చి గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. డాక్టరమ్మ వచ్చి, నువ్వు చెడ్డదానివి కాదు, కానీ నీకు ముద్దొచ్చింది కదాని దాని బతుకుతో ఆడుకున్నావు అంది. ముద్దు చేసి చంపడమంటారే, అదే చేశాను. అడవిలో ఉన్నవి గుప్పెడు, అందులో ఒకదాన్ని నా ఒడి కోసం తగ్గించబోయాను.

అక్టోబర్ 9

ఇవాళ రాలేదు. సగం కొమ్మ దాకా ఎక్కి ఆగి చూసింది. అరవలేదు. వాగుడుకాయ తిరిగి డ్యూటీకి వచ్చింది. పైపు తనే పట్టుకుంటోంది. నాతో మాట్లాడదు.

అక్టోబర్ 14

దాని ముఖం చూడకుండా డబ్బా కొట్టడం నేర్చుకున్నాను. అలా కొడితే పని చేయదట. చూస్తూ కొట్టాలట.

అక్టోబర్ 23

నేను మలుపు తిరిగానో లేదో పై కొమ్మకి దూకి అరిచింది. గూళ్లన్నీ దద్దరిల్లాయి. పక్క గూట్లో మగది బదులిచ్చింది. వాగుడుకాయ పైపు కింద పడేసి నా భుజం మీద చెయ్యి వేసింది, వెంటనే తీసేసింది.

ఇంటికి వచ్చినప్పట్నించి మెడ వెనక ఒకటే దురద. అక్క గోకబోతే వద్దన్నాను.