కేశవ కారు కింది డబ్బా

బుక్కరాయసముద్రం
12-5-1999

చి.ల.సౌ. ఈశ్వరికి ఓబుళేసు రాసేది. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాము. అక్కడ పుట్టింట్లో నువ్వూ, కడుపులోని బిడ్డా బాగున్నారని తలుస్తాను.

వేళకు తింటున్నావా అని అడిగావు. సంగటీ ఊరిబిండి పచ్చడీ తింటున్నాను. అమ్మకు నీలాగా నూరడం రాదు, ఆ మాట ఆమెకు చెప్పొద్దు. షెడ్డుకు రేకులు వేయించాను. వాన మాత్రం రాలేదు.

నీ ఉత్తరంలో కేశవ బావ పేరు తొమ్మిదిసార్లు ఉంది, లెక్కపెట్టాను. నా పేరు కవరు మీద ఒక్కసారి. డాక్టరమ్మ దగ్గరికి పోతుంటే మిట్ట మీద కారు ఆగిపోయిందనీ, మైలు దూరం నీకు గొడుగు పట్టుకుని నడిచాడనీ, బావ మనసు వెన్న అనీ రాశావు. వాడు నీ మేనమామ కొడుకు. నిన్ను వాడికే ఇవ్వాలనుకున్నారని కూడా నాకు తెలుసు. తెలిస్తే మాత్రం కడుపు మండదా? పది ఊళ్ల కార్లు బాగుచేసేది నేను, నా పెళ్లాం ఎక్కేది వాడి కారు.

ఇంతకాలం నీ దగ్గర దాచింది ఒకటుంది. పోయిన నెల కేశవ ఆ కారును నా షెడ్డుకు తెచ్చాడు. "అన్నా, బెంగుళూరు నుంచి తెచ్చినప్పుడు బాగుండె. ఇప్పుడు మిట్ట ఎక్కలేకపోతాండాది, చూడన్నా" అన్నాడు. కిందికి దూరి, పొగగొట్టం మధ్యనున్న డబ్బాను స్పానరుతో తట్టాను. లోపల గలగలమంది. సీసం లేని పెట్రోలు పోసే బండ్లకు పెట్టే డబ్బా అది. మన పక్క దొరికే సీసం పెట్రోలు పోస్తే లోపలి జల్లెడ పాడై, ముక్కలై దారి మూసుకుపోతుంది, ఇంజనుకు ఊపిరాడదు. తట్టగానే నాకు అర్థమైంది. అయినా కార్బురేటరు కడిగి, "ఏం లేదప్పా, పో" అన్నాను. ఊళ్లో అందరి ముందూ వాడి కారు ఆగి, వాడి తల వంగాలని కోరుకున్నాను. ఆ పొద్దు అందులో నువ్వుంటావని అనుకోలేదు. ఎనిమిదో నెలలో నిన్ను ఎండలో నడిపించింది నేనే ఈశ్వరీ.

నిన్న ఫోన్ చేసి కేశవను నేనే రమ్మన్నాను. ఈ పొద్దు కారు తెచ్చాడు. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి, గంటసేపు తంటాలు పడి డబ్బా ఊడదీశాను. ఆ చోట ఉత్త పైపు పెట్టి వెల్డింగ్ చేశాను. చప్పుడు పెరిగింది, పొగ కంపు కొడుతుంది. కానీ ఇక్కడి మిట్టను మూడో గేరులోనే ఎక్కింది.

"అప్పుడే తెలిసింటే బాగుండు గదన్నా, పాపం ఈశ్వరి నడిచె" అన్నాడు కేశవ.

వాడి మొహం చూసి చెప్పలేక నీకు రాస్తున్నాను. కవరు అంటించలేదు. వాడి చేతికే ఇస్తున్నాను, దారిలో చదివితే చదవనీ.

నొప్పులు మొదలైతే నా కోసం చూడొద్దు. ఆ కారులోనే కదిరి ఆసుపత్రికి పో. నువ్వు మాత్రం వెనక సీట్లో కూర్చో. ముందు మీ అమ్మ కూర్చుంటుంది.

ఇట్లు,
నీకు తాళి కట్టిన మొగుడు,
ఓబుళేసు