రేవులో ఎడమ గుంజ

ఆదివారం, 14 నవంబరు
మధ్యాహ్నం, వాన వెలిశాక

ప్రియమైన దిక్సూచికి,

నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తాను. ఏడాదిన్నరగా మాటల్లేని మనిషిని కుశలం ఎలా అడగాలో నాకు ఎవరూ నేర్పలేదు. అందుకని పెద్దవాళ్ల పద్ధతిలోనే అడిగేశాను. ఇది ఈమెయిలే అయినా తేదీ వేసి, సంబోధన పెట్టి ఉత్తరంలాగే రాస్తున్నాను. మామూలుగా మొదలుపెడితే రెండు వాక్యాలు రాసి పారిపోతానేమోనని నా భయం.

నిన్ను ఎలా పట్టుకున్నానా అనుకుంటున్నావు కదూ? మూడు నెలలుగా మా ఆఫీసుకి నా రాతల్లో తప్పులకి సవరణలు పంపుతూ కింద "ఒక పాఠకురాలు" అని సంతకం చేస్తున్నది నువ్వేనని మొదటిసారికే తెలిసిపోయింది. మనం ఆడిన ఆ వీడియో గేము ఆడేవాళ్లంతా గళ్లు లెక్కపెడతారు. అడుగులు లెక్కపెట్టేది నువ్వొక్కదానివే. "పడవ దగ్గర్నుంచి కుడి గుంజకి ఏడు అడుగులు, అక్కడ ఉత్తరానికి తిరిగి బటన్ నొక్కాలి" అని చదవగానే, హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని కాళ్లాడిస్తూ నువ్వు చెబుతున్నట్టే వినపడింది. నీకు దిక్సూచి అని పేరు పెట్టింది నేనే కదా, ఆ మాత్రం పోల్చుకోలేనా.

నా సంగతులు చెబుతాను. మా ఆఫీసు కళ్లద్దాల కొట్టు పైన, రెండో అంతస్తులో. వీడియో గేములు ఆడేవాళ్లకి దారి చూపించే వ్యాసాలు రాసి పెడుతుంటాం. నాకు అప్పగించింది మన ఆటే. వింత జీవుల్ని పట్టుకుని, పెంచుకుంటూ ఊరూరా తిరిగే ఆ ఆటలో ఊరికే ఇచ్చేవీ, దాచిపెట్టినవీ నా వంతు. ఏ ఇంట్లో ఎవరిని పలకరిస్తే ఏమిస్తారు, కంటికి కనపడకుండా ఏ మూల ఏముంది అని సోమవారానికి ఒక ఊరి జాబితా రాస్తాను. ఆఫీసులో బల్లలు నాలుగు, మనుషులం ముగ్గురం. నాలుగో బల్ల ప్రింటరుది. పటాలు గీసే అక్క రోజంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఉంటుంది. నాతో ఏదైనా చెప్పాలంటే పసుపు చీటీ మీద రాసి నా బల్లకి అంటిస్తుంది. మా ఇద్దరి కుర్చీలకీ మధ్య మూరెడు దూరం. మొన్న వచ్చిన చీటీలో "కిటికీ వేస్తావా?" అని ఉంది. వేశాను. "థాంక్స్" అని ఇంకో చీటీ వచ్చింది. ఆ వారంలో నాతో ఎక్కువ మాట్లాడింది ఆవిడే.

నవ్వకు, ఒకటి చెబుతాను. ఆటలో మనకో నియమం ఉండేది కదా, ప్రతి మనిషినీ రెండుసార్లు పలకరించాలని. మొదటిసారి వాతావరణం గురించి మాట్లాడినవాళ్లే రెండోసారి సంచిలోంచి ఏదో తీసి చేతిలో పెట్టేవాళ్లు. ఈ ఊరు వచ్చిన కొత్తలో నేనదే చేసి చూశాను. ఇస్త్రీ దుకాణం ఆవిడని బట్టలు అయ్యాయా అని అడిగితే రేపు రమ్మంది. ఒక నిమిషం ఆగి మళ్లీ పలకరించాను. చెవుడా అమ్మాయ్, రేపు రమ్మన్నానుగా అంది. మొన్నటికి మొన్న మా మెట్ల దగ్గర కాపలా ఉండే తాతగారిని రెండుసార్లు పలకరిస్తే, ఎవరి కోసమమ్మా అని రెండుసార్లూ అడిగారు. ఏడాదిపైగా అదే మేడలో ఉంటున్నాను నేను.

గది బాగానే ఉంది. ఒక కిటికీ, దాని అవతల పక్క మేడ గోడ. ఆదివారాలు పని లేక గదిలో మూలలన్నీ వెతికాను, ఆటలో వెతికినట్టే. బీరువా వెనక నా ముందు ఉన్నవాళ్లెవరో పోగొట్టుకున్న దువ్వెన దొరికింది. అంతే.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఈ మూడు నెలల్లో నా జాబితాల్లో మూడు తప్పులు దొర్లాయి. రేవు పట్నంలో పడవ తాడు కట్టే గుంజలు రెండున్నాయి కదా, ముత్యం ఉన్నది కుడి గుంజ వెనక. నేను ఎడమ అని రాశాను. బావి వీధిలో బంగారు గింజ దగ్గర తూర్పుకి బదులు పడమర అని రాశాను. మంచు ఊళ్లో ముసలమ్మ ఇచ్చే కంబళి, సంచి నిండుగా ఉంటే ఆవిడ ఇవ్వదు, ఖాళీ చేసుకుని రా తల్లీ, నేనెక్కడికి పోతాను అంటుంది. ఆ సంగతే రాయలేదు. అన్నీ నువ్వు పట్టేశావు. రోజంతా తెర చూసి చూసి నా కళ్లు అలిసిపోతున్నాయేమో మరి.

మొన్న శుక్రవారం మా సారు పిలిచారు. మంచివారే, కానీ మాట పడితే చర్మం లేచిపోతుంది. నీ సవరణలు మూడూ ప్రింటు తీసి బల్ల మీద వరసగా పరిచారు. అమ్మాయ్, నీకు జీతం ఇస్తున్నది నేనా, ఈ పాఠకురాలా అన్నారు. ఈవిడెవరో గానీ నీకంటే బాగా రాస్తోంది, ఆచూకీ దొరికితే నీ కుర్చీలో ఆవిణ్ణే కూర్చోబెడతాను అన్నారు. పటాల అక్క ఇయర్‌ఫోన్ ఒకటి తీసి విన్నది. ఇంకొక్క సవరణ వస్తే నీకూ నాకూ సెలవే అని సారు తేల్చేశారు.

ఆ మాటకి సారు అనుకున్నట్టు నేను భయపడలేదు. ఈవిడ నీకంటే బాగా రాస్తోంది అన్నారే, అది గుచ్చుకుంది నాకు. ఎందుకంటే ఆయన నాకు ఉద్యోగం ఇచ్చిందే నీ రాత చూసి.

ఆ నోట్‌బుక్ సంగతి మనం ఎప్పుడూ సరిగ్గా మాట్లాడుకోలేదు. నువ్వు దెబ్బలాడి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని నాలుగు వాయించినా బాగుండేది. నువ్వు పరుపు చుట్టుకుని, బకెట్ పట్టుకుని, పై అంతస్తులోని గదికి మారిపోయావు. అంతే. మూడేళ్లు ఒక్క ఆటపెట్టెని వంతులేసుకుని ఆడాం. నేను ఆగలేక పరిగెత్తేదాన్ని, నువ్వు వెనక కూర్చుని ఏ మూల ఏం దొరికిందో రాసేదానివి. తొందరమ్మా, ఆ చెత్తబుట్ట చూడకుండా పోతావేంటే అని నెత్తిన మొట్టేదానివి. రెండు వందల పేజీలు. వెతికిన చేతులు నావి కూడా, కాదనను. కానీ రాసింది నువ్వు. ఈ ఉద్యోగానికి నమూనా రాత పంపమంటే దాన్ని నా పేరుతో పంపేశాను.

ఫారంలో ఒక్క పేరుకే చోటుందే అని నీతో అన్నాను, గుర్తుందా? అది నిజమే. కానీ దాని కింద "ఇతర వివరాలు" అని నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. వాటిని చూస్తూనే పంపే బటన్ నొక్కాను. నాకు ఆ ఉద్యోగం కావలసి వచ్చింది. నీక్కూడా కావాలేమోనని అడగను కూడా లేదు.

శుక్రవారం సారు గదిలోంచి బయటికి వచ్చాక మళ్లీ లోపలికి వెళ్లాను. ఆ నోట్‌బుక్ నేను రాసింది కాదని చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మరి నువ్వేం చేశావమ్మా అని అడిగారు. బటన్ నొక్కానండీ అన్నాను. పెద్దాయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. సోమవారం జాబితా అయితే పెట్టు, తర్వాత చూద్దాం అన్నారు. ఉద్యోగం ఉన్నట్టో ఊడినట్టో తెలియకుండా ఈ రెండు రోజులూ గడిపాను.

అందుకని ఒక్కటి అడుగుతాను. ఇకమీదట నా తప్పులు కనపడితే ఆఫీసుకి రాయకు. ఈ అడ్రసుకే రాయి. తిట్టదలచుకున్నా ఇక్కడికే రాయి. ఊరికే ఏమీ తోచకపోయినా రాయి. నీ చివరి సవరణలో "ఇది రాసినవాళ్లకి కంబళి సంగతి తెలియకపోవడం వింతగా ఉంది" అన్నావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. రాసినవాళ్లెవరో నీకు తెలుసనే నా అనుమానం.

అమ్మనీ, మీ చెల్లెలు బుజ్జిదాన్నీ అడిగానని చెప్పు. చెప్పకపోయినా ఏం ఫర్వాలేదు.

ఒకప్పుడు నీ పక్క మంచం మీద పడుకున్న,
తొందరమ్మ

తా.క. పంపేముందు మొదట్నుంచీ చదువుకున్నాను. ఒకచోట అబద్ధం ఉంది. నా కళ్లకేమీ కాలేదు. ఎడమ గుంజ ఒక్కటే నిజంగా నా తొందరలో జరిగిన తప్పు. దానికి నీ సవరణ వచ్చిన రోజున ఆఫీసు మెట్లు రెండేసి దిగుతూ గదికి వచ్చాను. బావి దగ్గర పడమర అని కావాలనే రాశాను. నువ్వు రాయడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ ఆఫీసు ఈమెయిల్ తెరవని గంట లేదు. కంబళి సంగతీ కావాలనే వదిలేశాను, ఆ ముసలమ్మంటే నీకిష్టమని. అది చదివి నువ్వు ఊరుకోలేవని నాకు తెలుసు. అడగకుండా నీ దగ్గర మళ్లీ తీసుకున్నాను, చూడు. రేపటి జాబితా మూడుసార్లు సరిచూశాను. అడుగులు కూడా లెక్కపెట్టాను. ఒక్క తప్పూ లేదు. ఈసారి నువ్వు రాయడానికి కారణమేమీ ఉండదు.