ఉరిమినా ఆగని వంతులు

మోత్కూర్, యాసంగి కోతలు, మంగళవారం రాత్రి

గెలిచిన! వరికోత మిషన్ల వంతులు చెప్పే మా యాప్ డేటాను వాళ్ల దుకాణంల సొంత కంప్యూటర్‌లనే పెడదామని నాతోటి యాప్ నడిపే అన్వర్, పట్నంల ఉండే కిరాయి సర్వర్‌ల పెడదామని నేను, ఇన్ని రోజుల సంది కొట్లాట. ఆఖరికి రెండు దిక్కులా పెట్టి చూస్తున్నం.

ఇయ్యాల పొద్దుగూకంగ ఉరిమింది. ఉరిమితే అన్వర్ వాళ్ల అమ్మి ఊకుంటదా? ఇంట్ల, దుకాణంల ప్లగ్గులన్నీ పీకుతది. టీవీతోపాటు మా కంప్యూటర్‌ను గూడ పీకింది. మబ్బు చూసి రైతులందరు ఒక్కసారే వంతు కోసం ఫోన్లు పట్టుకున్న టైమ్ అది! కిరాయిది మాత్రం జరంత గూడ ఆగలే. అందరినీ దానిమీదికే మళ్లిచ్చిన. వాన పడకముందే మిషన్లు పొలాలకు చేరినయ్.

"నీ మాటే నిజమక్కా, కిరాయిదే ఉంచుదాం" అన్నడు అన్వర్. గా మాటకు కడుపు నిండింది.

కానీ కిరాయికిచ్చినోళ్లు రేపు ఖాళీ చెయ్యమంటే? నాకే అనుమానమొచ్చి అడిగిన. "రోజూ ఒక నకలు నా కంప్యూటర్‌ల దాస్త" అన్నడు. సరే, గంతన్న సొంతం ఉండాలె.

వచ్చేటప్పుడు అమ్మి మొహం చిన్నబోయింది. "పీకి తప్పు చేసిన్నా బిడ్డా?" అని అడిగింది.

మళ్ల ఉరుముతాంది. పీకు అమ్మీ, అన్నీ పీకు!