మూడు తాళాల డబ్బాలో నల్ల బార్లీ

కొండమీది ధాన్య పరిశోధన కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. ఆ డాక్టరుకి మా తమ్ముడితో స్నేహం లేదని ముందే వాకబు చేశాను. దీన్ని అమలు చేయాల్సినది నా పాత మిత్రుడైన బడిపంతులు. పేజీలకు నంబర్లు వేశానని ఆయన గమనించాలి.

1. నేనుంటున్న ఇల్లు మా తమ్ముడికి చెందాలి. విత్తనాల కంపెనీ జీపు వాడి గుమ్మం ముందు రెండుసార్లు ఆగింది. నేనేమీ అడక్కముందే, దారి కనుక్కోడానికి ఆగారంటూ భుజాలు తడుముకున్నాడు. ఆ దారి మా ఇళ్లు దాటి ఎక్కడికీ పోదు.

2. మైక్రోస్కోపు, నోటుపుస్తకాలు నా దగ్గర పనిచేసిన ల్యాబ్ అసిస్టెంటు అమ్మాయికి. నల్ల బార్లీలో ఇనుము, మాంసకృత్తులు మామూలు బార్లీ కన్నా బాగా ఎక్కువని ఆమె మూడుసార్లు పరీక్షించి తేల్చింది. నమ్మక నాలుగోసారీ చేయించాను. అదే లెక్క వచ్చింది. అమ్మా, పుస్తకాల్లో ప్రతి మడి నంబరుకీ ఏడు కలిపి రాశాను, దొంగలు తికమకపడాలని. ఏడు తీసేసి చదువుకో.

3. నల్ల బార్లీ సంగతి. పూత మీద మంచు పడి, ఆపైన నలభై రోజులు చినుకు లేని ఏడాది, మడులన్నీ మాడిపోతే అదొక్కటే నిలబడింది. ఆ చలికాలం పై ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆ గింజతోనే. అప్పట్నుంచీ అందరి కళ్లూ దాని మీదే అనిపించింది. ఉన్న విత్తనమంతా డబ్బాలో పోసి, మూడు తాళాలు వేసి, ఎవరికీ అనుమానం రాదని వంటింటి పొయ్యికి పైన అటక మీద దాచాను. బయట వేస్తే కంకి తుంచుకుపోతారని పన్నెండేళ్లు విత్తలేదు. వేడి తగిలితే గింజ చచ్చిపోతుందని ఎంతమందికి పాఠం చెప్పానో. నెల కిందట యాభై గింజలు తడిగుడ్డలో చుట్టి చూశాను. పది రోజులైనా ఒక్కటీ మొలవలేదు. కంచే చేను మేసింది. ఆ రోజు కూర్చుని ఏడ్చాను.

4. మా వదినకు. ఆ ఏడాది కళ్లంలో ఆమె గుప్పెడు గింజలు తీస్తుంటే పట్టుకున్నాను. కోళ్లకన్నది. పదిమందిలో దొంగ అన్నాను. ఆ గుప్పెడూ ఆమె కొంగులోనే ఉండిపోయింది. అన్నయ్య పోయినప్పుడు కూడా ఆమెతో మాట్లాడలేదు. పోయిన వారం, ఏం దాస్తోందోనని ఆమె పెరటి గోడ మీంచి తొంగి చూశాను. రాత్రి కురిసిన మంచు ఇంకా కరగలేదు. అందులో నల్ల కంకులు నిటారుగా ఉన్నాయి. ఒక కంకి దొంగతనంగా తుంచుకొచ్చాను. పది గింజలు తడిగుడ్డలో వేస్తే తొమ్మిది మొలిచాయి.

కనుక నల్ల బార్లీ ఎవరికీ రాసివ్వడానికి నాది కాదు, ఆమెది. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆనాడు కళ్లంలో ఉన్నవాళ్లను పిలిచి, పంతులుగారు ఈ పేరా గట్టిగా చదవాలి. వదినా, తప్పు నాది.

తుంచిన కంకిలో మిగిలిన గింజలు ఈ కవర్లోనే పెట్టాను, ఆమెకు చేర్చాలి. ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు.

2025 అక్టోబరు 8, బుధవారం.

(సంతకం) అందరూ తాళాల మాస్టారు అనే నేను

సాక్షులు: కేంద్రం డ్రైవరు, పోస్టుమాస్టరు. ఒకరు సంతకం చేస్తుంటే ఇంకొకరు చూశారు.