గీ వంజరం పులుసుల వెయ్యకు

మార్తా,

మా గెస్ట్‌హౌస్ జపాన్ సాబ్‌కు శాలిబండల మన గల్లీ దొరకది, తోలుకరానీకి పోతున్న. రేపు ఆయన దేశం పోతుండు. వాళ్ల తీరు చేప మనింట్ల తింటనన్నడు.

ఐసు డబ్బాల వంజరం ముక్క ఉన్నది. ఉప్పొక్కటే రాయి. పెనం పొగలొచ్చేదాక కాగనియ్యి. ముక్కను అటిటు తిప్పి, పైన తెల్లగ కాంగనే తీసి ఐసునీళ్లల్ల వెయ్యి. లోపల పచ్చిగనే ఉండాలె. పోయినసారి లెక్క పచ్చిగున్నదని చింతపులుసుల వేస్తివా, మస్తు లొల్లయితది. సన్నగ నేనొచ్చి కోస్త. ఫికర్ చెయ్యకు, గెస్ట్‌హౌస్ వంటింట్ల ఇన్నేండ్లల్ల నా చేతి చేపకు ఏ సాబూ వంక పెట్టలే.

సీమోను

తోకముక్క విడిగ పెట్టిన. అది పులుసు పెట్టు, నాకు. గా పచ్చిది ఇప్పటికీ నా గొంతు దిగది. సాబ్ ముందట మాత్రం అనకు.