తరగతిలో ఇంకో పూజ

మహబూబాబాద్, జులై

ప్రియమైన పూజకు,

హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి మనకు మళ్ళీ ఉత్తరాల రోజులు వచ్చాయి. జనగామ నీళ్ళు పడ్డాయా? ఇంటర్ పుస్తకాలన్నీ ఇచ్చారా? బాపుకు భూపాలపల్లి బొగ్గుబాయిలో షిఫ్టు మారిందట, నిన్ను అడిగాడు.

ఈ ఏడు నా రెండో తరగతిలోనే క్రియాత్మక పరిశోధన చేస్తున్నాను. పెద్దదేమీ కాదు, సొంత తరగతిలో సొంత పిల్లలతో టీచరే చేసుకునే పని. ఈ తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. బడికొచ్చి తెలుగు వినగానే నోరు మెదపరు. వాళ్ళు భయం లేకుండా మాట్లాడాలన్నది నా మొదటి లక్ష్యం. వాళ్ళ మాటలు నేను నేర్చుకోవాలన్నది ఇంకోటి. అన్నిటికన్నా కష్టమైనది నాకు నేనే పెట్టుకున్నాను: ప్రశ్న అడిగాక ఆగాలి, జవాబు నేనే చెప్పేయకూడదు.

ఒక పిల్ల ఉంది. ఇప్పటిదాకా దాని గొంతే వినలేదు. నిన్న నీళ్ళ బొమ్మ చూపించి "ఇదేంది బిడ్డా?" అని ఊరుకున్నాను. ఎంతసేపటికో "పాణి" అంది, వినబడీ వినబడనట్టు. నా సంబరం చూడాలి! దాని పేరేమిటో చెప్పనా? పూజ!

కడుపునిండా తిను.
మీ అమ్మ, సుమలత

*

జనగామ, ఆగస్టు

ప్రియమైన అమ్మకు,

నీళ్ళు పడ్డాయి. పుస్తకాలు ఇచ్చారు.

ఆ పిల్లను అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకుంటావా? మరి ఆదివారం వార్డెన్ ఫోన్లో నన్నెట్లా అడుగుతావు? "తిన్నవా? తినే ఉంటవ్ లే. మంచిగ సదువు. ఉంట మరి." మొన్న నేను "అమ్మా, నాకు..." అనేసరికే పెట్టేశావు. ఫిజిక్స్ ఎక్కడం లేదని చెప్పబోయాను. మళ్ళీ అడగనైనా అడగలేదు.

ఇంకోమాట. తరగతిలో అంతమంది ఉండగా పూజ అన్న పిల్లే ఎందుకు దొరికింది నీకు?

నీ అసలు పూజ

*

మహబూబాబాద్, సెప్టెంబర్

ప్రియమైన బంగారు తల్లికి,

ఫిజిక్స్ సంగతి మీ మేడంతో మాట్లాడాను. భయపడకు, సాయంత్రం విడిగా చెప్తానన్నారు.

పేరు చూసి ఏరుకోలేదే పిచ్చిదానా! వాళ్ళమ్మ సక్రి తెల్లారకముందే కూలికి పోతుంది, పిల్ల తల దువ్వుకోకుండా బడికొస్తుంది. ఇప్పుడు రోజూ నేనే దువ్వి జడ వేస్తున్నాను. అట్లా వేస్తూ "అమ్మను మీరేమంటరు?" అని అడిగితే "యాడి" అని నేర్పింది. తెలుగులో మాత్రం నిండు వాక్యం ఒక్కటీ రాలేదు. అందరి ముందు అది తనంతట తాను మాట్లాడిన రోజున నా పరిశోధన పండినట్టే.

దసరాకు త్వరగా రా.
మీ అమ్మ

*

భూపాలపల్లి, అక్టోబర్

అమ్మకు,

దసరాకు బాపు దగ్గరికి వచ్చాను. ఇక్కడే ఉంటాను.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి తిరుమల వాళ్ళమ్మ చిల్పూర్ నుంచి వచ్చినప్పుడల్లా మెట్లమీద కూర్చోబెట్టుకుని దానికి జడ వేస్తుంది. నేను బట్టలు ఉతుకుతున్నట్టు నటిస్తూ చూస్తుంటాను. నువ్వేమో ఎవరి పిల్లకో రోజూ వేస్తున్నావట. అది నాకు ఉత్తరం రాసి మరీ చెప్పావు.

బాపు "గట్ల కుళ్ళుకుంటరా బిడ్డా, అది చిన్నపిల్ల" అన్నాడు. అవును, కుళ్ళుకుంటాను. నా పేరు, నా జడ, నా అమ్మ. ఇంకేం మిగిలింది నాకు?

పూజ

*

మహబూబాబాద్, అక్టోబర్

ప్రియమైన పూజకు,

నీ ఉత్తరం చదివి వంట చేయబుద్ధి కాలేదు.

ఈ పరిశోధన ఇక చేయలేనని, దీన్ని చూసే డైట్ (టీచర్ల శిక్షణ కాలేజీ) మేడంకు చెప్పాను. బదిలీలు ఉంటాయంటున్నారు, మీ జనగామ జిల్లాలోనే కొడకండ్ల వైపు పెట్టుకుంటాను. అప్పుడు ప్రతి ఆదివారం నీ దగ్గరికి రావచ్చు. సంజాయిషీలేమీ రాయను. నువ్వొక్కసారి వచ్చిపో, నిన్ను చూడాలని ఉంది.

మీ అమ్మ

*

జనగామ, నవంబర్

ప్రియమైన అమ్మకు,

క్షేమంగా చేరాను. స్టేషన్లో నీకు చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది.

సోమవారం నన్ను బడికి తీసుకుపోయావు కదా. హెడ్మాస్టర్ పిలిస్తే నువ్వు ఆఫీసు గదిలోకి వెళ్ళావు. నేను పోయి నీ కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల చూడాలనే కూర్చున్నాను.

లేచి నా ముందుకొచ్చింది. "లే," అంది. "గిది మా టీచర్ కుర్చీ."

తరగతంతా అటే చూసింది. "నేను టీచర్ బిడ్డను. నా పేరు పూజ," అన్నాను, కావాలనే.

"కాదు. పూజ అంటే నేను. టీచర్ నన్నే పిలుస్తది."

నువ్వు ఎదురుచూసిన వాక్యాలే అమ్మా. తెలుగులో, అందరి ముందు, గట్టిగా. వినడానికి నువ్వు లేవు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆమె మా అమ్మ, నీకేమైతది?" అనబోయాను. పిల్ల గడ్డం వణుకుతోంది. ఇంకా ఏదో చెప్పాలని చూస్తోంది. నేను ఊరుకున్నాను.

"టీచర్‌ను తోల్కపోనీకి వచ్చినవా?" అంది.

అవుననే చెప్పాలి. నీ బదిలీ కోసం రోజూ దండం పెట్టుకుంటున్నదాన్ని. కానీ నిన్ను పోగొట్టుకుంటానన్న బెదురు ఎట్లుంటదో నాకు తెలుసు. ఆ ముఖాన్ని చూస్తూ అవుననలేకపోయాను.

"లేదు. మీ టీచర్ ఈడనే ఉంటది," అన్నాను.

"అయితే లే."

లేచాను. నేను కూర్చున్న చోటును గౌను అంచుతో తుడిచింది! అప్పుడే నువ్వొచ్చావు, "ఇద్దరు ఏం మాట్లాడుకుంటుండ్రు?" అన్నావు. అది తలొంచుకుంది. నేనూ "ఏంలేదు" అన్నాను. నీకు చెప్పాలనిపించలేదు. చెప్తే ఎంత సంబరపడతావో తెలుసు, ఆ సంబరం దాని కోసమే కదా. రైలెక్కాక ఏడుపొచ్చింది.

దాని మీద కుళ్ళు పోలేదమ్మా. పోయిందని రాస్తే అబద్ధం. కానీ నీ తరఫున మాట ఇచ్చేశాను. బదిలీకి పెట్టకు. డైట్ మేడంకు మళ్ళీ ఫోన్ చేసి, దాని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పు.

క్రిస్మస్ సెలవు దొరికితే వస్తాను. మీ బడికి సెలవు మొదలయ్యే ముందురోజే వచ్చి అక్కడికి పోతాను, మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంటాను. అది ఊరుకోదు. కొట్లాడనీ. ఈసారి నువ్వు తలుపు చాటున నిలబడి విను.

నీ కడుపున పుట్టిన
పూజ